‘సాలదు మా’ అనే మా కంప్యూటర్ సార్

పోయిన మంగళవారం పొద్దున ఆళ్ళగడ్డ నుంచి మా కంప్యూటర్ సార్ కూతురు ఫోన్ చేసింది. “నాయన పోయినాడక్కా,” అంది. మూడు నెలలుగా ఊపిరితిత్తుల జబ్బు. ఊహించని కబురేమీ కాదు. అయినా ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది. ఇన్నేళ్ళు నన్ను విసిగించిన మనిషి ఇట్లా వెళ్ళిపోవడమేమిటని.

సార్ నంద్యాలలో ఒక చిన్న సెంటర్లో పాఠాలు చెప్పేవారు. రోజూ ఆళ్ళగడ్డ నుంచి బస్సులో వచ్చేవారు. మెచ్చుకోవడం ఆయనకు చేతకాదు. మిగతా సార్లు మా ప్రోగ్రాములో రాము, సీత అని కొట్టి చూసి సంతకం పెట్టేవారు. ఈయనైతే పేరు ముందు ఖాళీ వదిలేవారు, ఏ దేశానివో తెలియని అక్షరాలు తెచ్చి అతికించేవారు. ప్రోగ్రాము బోల్తా పడగానే “సాలదు మా” అని లేచిపోయేవారు.

“ఇట్లాంటి పేర్లు నంద్యాలలో ఎవరికుంటాయి సార్?” అని ఒకసారి అడిగేశాను.

“ఇయ్యాళ లేరు. రేపొస్తే పేరు మార్చుకోని రమ్మంటావా?”

చదువయ్యాక కూడా ఆయన నన్ను వదల్లేదు. మా చర్చి పెద్దలు పాత సమాధుల తోట రిజిస్టరును కంప్యూటర్లో ఎక్కించమంటే ఎక్కించాను. రాళ్ళ మీద ఉన్నట్టే పేర్లన్నీ ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఉన్నాయి. వెతికేవాళ్ళు ఎట్లా కొట్టినా దొరకాలని, రిజిస్టరులోని పేరునూ, వాళ్ళు కొట్టిన పేరునూ చిన్నక్షరాలుగా మార్చి పోల్చేటట్టు రాశాను. సార్‌కు చూపించాను.

“సాలదు మా. జర్మన్‌లో బీ మాదిరి ఒక చిన్నక్షరం ఉంది. పెద్దక్షరాల్లో రాస్తే అది రెండు ఎస్‌లయితాది. ఆ ఎస్‌లను నువ్వు చిన్నవి చేసినా రెండు ఎస్‌లే. పాత అక్షరం తిరిగి రాదు.”

“తెలుగులో చిన్నా పెద్దా అక్షరాలే లేవు సార్. ఆ గోల మనకెందుకు?”

“ఆ తోటలో పండుకున్నోళ్ళంతా తెలుగోళ్ళేనా?”

నేను ఆ ప్రోగ్రామును అట్లాగే చర్చికి ఇచ్చేశాను.

రెండేళ్ళ తర్వాత జర్మనీ నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. వాళ్ళ అమ్మమ్మ ఎప్పుడో ఇక్కడ నర్సుగా పనిచేసి ఇక్కడే చనిపోయిందట. ఆ సమాధి చూడాలని తల్లి బతికినన్నాళ్ళూ అనుకుందట, కుదరలేదట. ఆవిడ ఫోన్లో పంపిన పేరును అట్లాగే అతికించాను. లేదు అని వచ్చింది. మూడుసార్లు చూశాను, లేదు. లేదనే చెప్పాను, అదీ ధీమాగా. ఆవిడ చర్చి వరండాలో కూర్చుని, తెచ్చిన పూలను మళ్ళీ కాగితంలో చుట్టసాగింది.

అప్పుడు ఆ పేరు చివర చూశాను. బీ లాంటి అక్షరం. సార్‌కు ఫోన్ చేశాను.

“ చిన్నక్షరాలు చేసే ‘లోయర్’ అనే మాట తీసేయ్. ‘కేస్‌ఫోల్డ్’ అని పెట్టు. పోల్చేదానికే ఉండేది అది, ఆ బీ మాదిరి అక్షరాన్ని గూడా రెండు ఎస్‌లు చేస్తాది,” అన్నారు.

ఒక్క మాట. మార్చగానే పేరు వచ్చింది. మూడో వరుస, ప్రహరీ పక్కన. ఆవిడ ఆ రాయి ముందు మోకాళ్ళూని చాలాసేపు తన భాషలో ఏదో చెప్పుకుంది.

ఈలోగా సార్ బస్సెక్కి వచ్చేశారు. నేరుగా కంప్యూటర్ దగ్గరికి పోయి, ప్రోగ్రాములో నేను మార్చిన లైను చదివి, పెద్దల ముందే అందుకున్నారు. “రెండేండ్ల కింద చెప్తి. ఆయమ్మ అట్లే పొయ్యుంటే?”

నాకు ఒళ్ళు మండింది.

చనిపోవడానికి వారం ముందు ఆసుపత్రికి వెళ్ళాను. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. అయినా నన్ను చూడగానే మొదలుపెట్టారు.

“ఆ కేస్‌ఫోల్డ్ కూడా సాలదు మా. టర్కీ వాళ్ళకు చుక్కుండే ఐ వేరే, చుక్క లేని ఐ వేరే. అది ఆడ పనిచేయదు.”

“సార్, ముందు మాత్రలు మింగండి.”

“మింగుతాలే. ఇది సూడు.”

దుప్పటి మీద వేలితో రెండు నిలువు గీతలు గీశారు. ఒకదాని పైన మాత్రం వేలికొన గట్టిగా నొక్కి చుక్క పెట్టారు. ఆయాసం వచ్చి కళ్ళు మూసుకున్నారు. గీతలు అప్పుడే చెరిగిపోయాయి. ఆ చిన్న గుంట ఒక్కటే మెత్తని బట్టలో మెల్లమెల్లగా పైకి లేస్తూ ఉండింది.