ఉబిన్ క్వారీలో నాన్న చదివిన రాళ్ళు

పోయిన ఏడు ఆఫీసు పని మీద ఒసాకా వెళ్ళినప్పుడు అక్కడి కోటగోడను ఫోటో తీసి చీమకుర్తిలో ఉన్న నాన్నకు పంపాను. నేను చూసింది గోడ ఎత్తు. నాన్న చూసింది ఒక రాయి అంచున వరసగా ఉన్న గాట్లు. వెంటనే ఫోన్ చేసి, "అయి రాయి చీల్చడానికి ఇనప చీలలు దిగేసిన గుంటలమ్మా. ఆ రాయి యాడ తీశారో కనుక్కో" అన్నారు. దూరాన ఉన్న దీవుల నుంచి పడవల మీద తెచ్చారట అని చెబితే, "అయితే చూడాల్సింది ఆ గని గదా, గోడేముంది" అని నన్నే తప్పు పట్టారు. నలభై ఏళ్ళు ఉలీ సమ్మెటా పట్టిన మనిషి మరి. ఈ నెల ఆయన నేనుండే సింగపూర్ వచ్చారు. జపాన్ తీసుకెళ్ళడానికి నాకు సెలవు లేదు కానీ, ఇక్కడే పులావ్ ఉబిన్ అనే దీవిలో పాత గ్రానైట్ క్వారీలు ఉన్నాయి. సముద్రం మీదుగా మలేషియాలోని జోహోర్‌కు వెళ్ళే కాజ్‌వేకి కూడా అక్కడి రాయే వాడారు.

బయల్దేరే ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. ఇక్కడ ఎవరు అడిగినా మా నాన్నది గ్రానైట్ వ్యాపారం అని చెప్పడం నాకు అలవాటు. ఆయన వచ్చిన రెండో రోజే లిఫ్టులో పక్కింటి ఆంటీ, "అంకుల్, మీకు గ్రానైట్ బిజినెస్ అట కదా!" అని పలకరించింది. నాన్న తల ఊపి ఊరుకున్నారు. ఇంట్లోకి వచ్చాక నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. ఆ మౌనం నన్ను వారం రోజులుగా తినేస్తోంది.

శనివారం ఉదయం ఏడున్నరకు మేముండే టాంపినీస్‌లో 29వ నంబరు బస్సు ఎక్కి, సుమారు ముప్పావు గంటలో చాంగీ విలేజ్‌లో దిగాం. అక్కడి హాకర్ సెంటర్‌లో కొబ్బరిపాల అన్నం, వేయించిన చేప తిన్నాం. నాన్న కంచంలో పక్కన వేసిన ఎర్ర పచ్చడి నాలిక మీద పెట్టుకుని, "ఇందులో బెల్లమేశారా ఏంది?" అన్నారు. అయినా కంచం ఖాళీ చేశారు. అక్కడి నుంచి జెట్టీకి రెండు నిమిషాల నడక. పన్నెండు మంది పోగయ్యాకే పడవ కదులుతుంది, మనిషికి నాలుగు డాలర్లు, నగదే తీసుకుంటారు. మాకు ఇరవై నిమిషాలు ఆగాల్సి వచ్చింది, ప్రయాణం మాత్రం పదిహేను నిమిషాలే.

ఉబిన్‌లో దిగగానే సైకిళ్ళ కొట్లు కనిపిస్తాయి. మేము వెళ్ళిన కొట్టు నడిపే చైనీస్ అంకుల్‌కి డెబ్బై దాటి ఉంటాయి. నేను సైకిలు సీటు ఎత్తు చూసుకుంటుంటే నాన్న ఆ కొట్టు గడపరాయిని వేలి కణుపులతో తట్టి వింటున్నారు. అంకుల్ అది గమనించి, వయసులో ఉన్నప్పుడు తానూ ఇక్కడి క్వారీలో రాయి కొట్టానని చెప్పారు. నేను ఆ మాట తెలుగులో చెప్పగానే నాన్న ముఖం విప్పారింది. "మరి మీ నాన్న ఏం చేసేవారు?" అని అంకుల్ అడిగారు. అలవాటైన నోరు ఆగుతుందా?

"గ్రానైట్ బిజినెస్" అన్నాను.

"ఓ, టౌకే!" అని అంకుల్ మర్యాదగా నవ్వి, టైర్లలో గాలి చూసే పనిలో పడ్డారు. ఇక మాట కలపలేదు.

"ఏమన్నాడమ్మా?"

"టౌకే అన్నారు నాన్నా. ఇక్కడ యజమానిని అలా అంటారు."

"ఓహో" అని నాన్న సైకిలెక్కారు.

పెకాన్ అనే పాత క్వారీ జెట్టీకి దగ్గరే. మెల్లగా తొక్కినా పది నిమిషాల్లో చేరాం. తవ్విన గొయ్యి నిండా ఆకుపచ్చని నీళ్ళు, వాటి మధ్య చెట్ల మీద కొంగలు ఉన్నాయి. అందరూ కంచె ఇవతల నిలబడి నీళ్ళను ఫోటోలు తీస్తున్నారు. నాన్న నిట్టనిలువు రాతిగోడనే చూస్తూ, రాయి ఏ వాటాన చీలిందో నాకు చేత్తో గీసి చూపించారు. తిరిగి వస్తుంటే దారి పక్కన ఒక బండ కనిపించింది. దాని అంచున వరసగా చీల గుంటలున్నాయి. నాన్న సైకిలు దిగి, చెప్పులు విప్పి, బండను తాకి కళ్ళకద్దుకున్నారు. పనిలోకి దిగేముందు రోజూ అలాగే చేసేవారు. తర్వాత ఒక్కో గుంటలో వేలు పెట్టి చూస్తూ పోయి మధ్యలో ఆగారు.

"ఇక్కడ చెయ్యి మారిందమ్మా. ఈడ దాకా ఒకడు కొట్టాడు, ఈడ నుంచి ఇంకోడు. రెండోవాడు కొత్తోడు, లోతు ఒక్క తీరున లేదు చూడు."

నేనూ వేలు పెట్టి చూశాను. నిజమే, తేడా తెలుస్తోంది.

"వీళ్ళు గుంటలో నీళ్ళు పోసి కొట్టేవాళ్ళో, పొడిగానే కొట్టేవాళ్ళో! ఆ పెద్దాయనకి తెలిసే ఉంటది" అన్నారు. మళ్ళీ తనే, "టౌకేతో ఆయనేం మాట్టాడతాడులే" అని చెప్పులేసుకున్నారు.

నాకు తల తీసేసినట్టయింది.

దారిలో ప్రతి బండ దగ్గరా ఆగుతూ ఒంటిగంటకు కొట్టుకు తిరిగి వచ్చాం. సైకిలు స్టాండు వేయకముందే చెప్పేశాను. "అంకుల్, ఇందాక నేను చెప్పింది అబద్ధం. మా నాన్న టౌకే కాదు. నలభై ఏళ్ళు చేత్తో రాయి కొట్టారు."

అంకుల్ చేతిలోని స్పానర్ పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని, ఎడమ బొటనవేలు చాపి చూపించారు. గోరు వంకరగా ఉంది. నాన్న తన ఎడమ బొటనవేలు తెచ్చి దాని పక్కన పెట్టారు. ఉలి పట్టిన చేతి మీద సమ్మెట జారితే అలాగే అవుతుంది. ఇద్దరూ పకపకా నవ్వారు. నీళ్ళు పోసేవాళ్ళట, దుమ్ము లేవకుండా. మొదట నేను ఒకరి మాట ఇంకొకరికి చెబుతూ వచ్చాను కానీ, కాసేపటికి ఇద్దరూ నన్ను పట్టించుకోవడం మానేసి గాల్లోనే సమ్మెటలు ఎత్తసాగారు.

నాన్నను గొప్పగా చూపించాలనుకుని ఆ అబద్ధం చెప్పాను అనుకునేదాన్ని. కాదు, నాకు సిగ్గేసి చెప్పాను. ఆ సిగ్గును ఆయన వారం పాటు నా పరువు కోసం మోశారు. తిరుగు పడవలో క్షమించమని అడిగితే, "ఎండకి నెత్తిన గుడ్డేసుకో" అన్నారు. ఇక నాకు ఏడుపు ఆగలేదు.

మీరు వెళ్ళేటట్టయితే ఒక్క సలహా. పెద్దవాళ్ళను వెంట తీసుకెళ్ళి, వాళ్ళ మాట మీరే ఇంగ్లిష్‌లో చెప్పాల్సి వస్తే, ఉన్నది ఉన్నట్టు చెప్పండి, అదీ దిగగానే చెప్పండి. నేను ఆ ఒక్క మాట సరిదిద్దుకునేసరికి పూట గడిచిపోయింది. నలభై ఏళ్ళ పని గురించి మాట్లాడుకోవడానికి మేము తిరుగు పడవ ఎక్కేలోగా వాళ్ళిద్దరికీ ఒక్క గంటే మిగిలింది.