ఎడమ చెయ్యి చేసిన యాభై కార్డులు

ఆ రోజు పొద్దున చాయ్ గ్లాసు నా కుడి చేతిలోంచి జారింది. గ్లాసు జారడం వింత కాదు. జారిందన్న సంగతి నాకు తెలియకపోవడం వింత. అప్పుడు నాకు నలభై ఒకటి. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ లాబ్‌లో కెమిస్టుని. చెరకు క్రషింగ్ ఆఖరి వారం నడుస్తోంది. పక్క స్టూలు మీది మిత్రుడు "ఏందే, మూతి గట్ల వెట్టినవ్?" అన్నాడు. నేనేమీ పెట్టలేదని చెప్పబోయాను. బయటికొచ్చింది తెలుగు కాదు. లేవబోతే కుడి కాలు కూడా చేతి పక్షాన చేరిపోయింది.

జీపులో నిజామాబాద్ ఆసుపత్రికి తీసుకుపోయారు. డాక్టరు గారు పెద్దాయన, మాటల్లో పొదుపరి. BP ఒకసారి చూసి, నమ్మకం కుదరక ఇంకోసారి చూశారు.

"రెండు వందలు దాటింది. ఇంతకుముందు ఎప్పుడన్న ప్రెషర్ చూపించుకున్నవా?"

"గంటగంటకు చూస్త సార్. బాయిలర్‌ది," అన్నాను. అన్నాననుకున్నాను. వంకర మూతితో వేసిన జోకు ఎవరికీ అందలేదు. ఆయన కేసు షీటు మీద స్ట్రోక్, రైట్ హెమిప్లీజియా, అంటే కుడి పక్క పక్షవాతం అని రాసుకున్నారు.

నవీపేట్ నుంచి మా చిన్నాయన వచ్చి, పావురం నెత్తురుతో మర్దన చేస్తే వారంలో లేచి కూర్చుంటానన్నాడు. మా ఆవిడ సుగుణ ఆడపిల్లల బడిలో టీచరు, పెద్దవాళ్లకు ఎదురు చెప్పదు. "ముందు డాక్టరిచ్చిన మాత్రలు గానియ్యుండ్రి చిన్నమామా. పావురాలు యాడికి వోతయి," అంది. పావురాలు బతికిపోయాయి.

మూడు వారాలకు కాలు మాట విన్నది. మాట కూడా తిరిగొచ్చింది. దీనికి ఇంట్లో అందరూ ఒకేలా సంతోషించారని చెప్పలేను. చెయ్యి మాత్రం రాలేదు. డిశ్చార్జి రోజు డాక్టరు గారు, "కాలు ముందొస్తది. చెయ్యి ఆలస్యం. వేళ్లు అన్నిటికన్న ఆఖరు," అన్నారు. నవంబరులో క్రషింగ్ మళ్లీ మొదలు. నా సెలవు అంతవరకే. ఆలోగా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ రాకపోతే లాబ్‌లో నా స్టూలు వేరొకరిది. "నిండు గ్లాసు కుడిచేత్తో లేపి తాగు, నా ముందట సంతకం వెట్టు. గా రోజు రాసిస్త," అన్నారాయన.

రబ్బరు బంతి ఇచ్చి రోజుకు నూరుసార్లు పిసకమన్నారు. పదిసార్లు అయ్యేసరికి బంతికీ నాకూ మధ్య మాటలు అయిపోయేవి. ఇది చూసి సుగుణ ఆగస్టులో ఒకనాడు పుస్తకాలకు జిల్దు కట్టే ఖాజా మియా దుకాణం నుంచి ఒక కాగితాల చుట్ట తెచ్చింది. జిల్దు అట్టల మీద వేసే అలల కాగితం, పూల కాగితం, గళ్ల కాగితం, అన్నీ అంచు ముక్కలు, వాటితో కొంత మందపు తెల్ల కాగితం.

"మా బడిల టీచర్లకు దీపావళి కార్డులు గావాలె. మీరు ఖాళీగనే ఉన్నరు గద," అంది.

దసరాకు జమ్మి ఆకు చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ తీసుకునే ఊళ్లో కార్డులెందుకన్నాను. "ఆకు పోస్టుల వోదు," అంది.

మొదటి కార్డుకు ఒక పూట పట్టింది. కత్తెర తీయడం, పెట్టడం, జిగురు కుంచె వెతకడం, మళ్లీ కత్తెర వెతకడం. రెండో రోజు నాకు ఫ్యాక్టరీ గుర్తొచ్చింది. మేం ఒక్కో చెరకు గడను తీసుకుని చక్కెర అయ్యేదాకా వెంట నడవం. ముందు అంతా పిండడం, తర్వాత అంతా కాచడం. నేను పని చేసే మంచాన్నీ అలాగే నడిపాను. రేకు ముక్క ఒకటి కొలతకు కోయించి, దాన్ని పెట్టి గీతలన్నీ ఒకేసారి గీశాను, స్కేలు అక్కర్లేకుండా. తర్వాత కోతలన్నీ. తర్వాత మందపు కాగితాలన్నీ మడిచి, మడతను చెంచా వీపుతో రుద్దడం. పూల కాగితాన్ని కార్డు కన్నా వేలెడు తక్కువ కోస్తే చుట్టూ తెల్ల అంచు మిగులుతుంది, చూసేవాళ్ల కన్ను కోత వంకర మీదికి పోదు. మిగిలిన పీలికలు ఇంకో కార్డుకు అంచులు. చిన్న తునకలు దీపాలు.

మైదా జిగురు చాలడం లేదనిపించి, చక్కెర కెమిస్టుని కనుక అందులో కాస్త మొలాసిస్ మడ్డి కలిపాను. బ్రహ్మాండంగా అతికింది. తెల్లారేసరికి పన్నెండు కార్డుల మీద చీమలు బారులు తీరి ఉన్నాయి. మా సరుకుకు దక్కిన మొదటి ఆదరణ అది. ఖాజా మియా విని, "సాబ్, చదువుకున్నోళ్లు గిట్లనే చేస్తరు. చిటికెడు మైలుతుత్తం వెయ్యుండ్రి, చేతులు మంచిగ కడుక్కోండ్రి," అన్నాడు. చీమలు మళ్లీ రాలేదు.

సెప్టెంబరులో సుగుణతో చెకప్‌కు పోతూ యాభై కార్డులు గర్వంగా పట్టుకుపోయాను. డాక్టరు గారు ఒక్కొక్కటే తిప్పి చూశారు.

"మంచిగున్నయి. ఏ చేత్తోని చేసినవ్?"

నేను కిటికీ వైపు చూశాను. సుగుణే చెప్పింది. "కుడి చెయ్యి కాగితం కదలకుంట మీద వెడ్తరు సార్. ఇటుక లెక్క."

తొందరగా అవ్వాలని అన్నీ ఏర్పాటు చేసుకున్నాను కదా, పని దానంతటదే చురుకైన చేతికి పోయింది. ఎడమ చెయ్యి నెలరోజుల్లో పనిమంతురాలైంది. కుడి చెయ్యి పింఛను పుచ్చుకుంది. ఆయన నా కుడి వేళ్లు ఒక్కొక్కటే లాగి చూశారు. నొప్పికి నాకు కళ్ల నీళ్లొచ్చాయి.

"స్టిఫ్ అయితున్నయి. కాంట్రాక్చర్ వచ్చి గిట్లనే ముడుసుకపోయినయంటే నేను గూడ ఏం జెయ్యలేను. ఎడమ చెయ్యికి ఫిట్‌నెస్ రాసియ్యనా? గదొక్కదాన్నే డ్యూటీకి తోలు."

బోధన్ బస్సెక్కాం. స్టూలు పోతుందన్న మాట అంతవరకు నాకు మాటగానే ఉండేది.

మర్నాటి నుంచి సుగుణ బడికి పోయేముందు ఒక గంట నా ఎడమ చేతిని దస్తీతో కుర్చీ కాలికి కట్టేది. "ఇప్పితే ముడి చూసి తెలుసుకుంట," అనేది. ముందు కోసినవి మిగిలున్నాయి కనుక కోతలు లేవు. మడవడం, రుద్దడం, జిగురు రాయడం, అంతా కుడిచేత్తోనే. మొదటి రోజు ఒక్క మడత. అది మడతో, నలిగిందో నేను తీర్పు చెప్పలేను. నాలుగు రోజుల తర్వాత బొటనవేలు చెంచాను పట్టుకుంది. ఒక వారం ఏమీ జరగలేదు. ఆ వారం నేను ఇంట్లో ఎవరికీ ఇష్టుణ్ని కాను. ఆ తర్వాత ఒక కార్డు పూర్తయింది. దీపం పక్కకు వాలి ఉంది. బడిలో టీచర్లు ముందు దాన్నే ఎంచుకున్నారట. గాలికి వాలిందనుకున్నారు.

నవంబరుకు పది రోజుల ముందు డాక్టరు గారి ముందు నిండు గ్లాసు లేపాను. సగం చొక్కా తాగింది, సగం నేను. సంతకానికి చాలాసేపు పట్టింది. బయట లైనులో ఎవరో దగ్గారు. "కానియ్యి, తొందర లేదు," అన్నారాయన. కాగితం తిప్పి చూసి, "ఇది నీ పేరేనా?" అన్నారు.

"ప్రస్తుతానికి, సార్."

ఫిట్ ఫర్ లైట్ డ్యూటీ అని రాసిచ్చారు.

ఇది జరిగి ఏడేళ్లయింది. అదే లాబ్‌లో, అదే స్టూలు మీద ఉన్నాను. పిపెట్ ఎడమచేత్తో పడతాను, రాత కుడిచేత్తో. చలికాలం వేళ్లు మొరాయిస్తాయి. BP మాత్ర ఒక్కనాడూ తప్పలేదు. దీపావళి కార్డులు ఇప్పటికీ చేస్తాను. కోత ఎడమది, మిగతాదంతా కుడిది.

ఇలాంటి జబ్బు చేసినవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. డాక్టరును అడిగి, ఇంట్లో ఒకరిని దగ్గర పెట్టుకుని, రోజుకు ఒక గంట మంచి చేతిని కట్టేసుకోండి. పని చేతకాని చేతికే ఇవ్వండి. గంటకు ఒక్క మడతే పడితే, ఆ రోజుకు అదే చాలు.