కథ నడుమ రికార్డు

మా దిక్కు మల్లన్న కథలన్నీ ఒక ముసలి ఒగ్గాయనే చెప్తుండె. నడుమ ఆగినా చేతిల ఒగ్గు, ఆ చిన్న డమరుకం, కింద పెట్టకపోతుండె.

ఒక యేడు మల్లన్న జాతరల కథకు ఊరి పెద్దమనుషులు నా మైకుసెట్టు పెట్టిచ్చిండ్రు. బిడ్డను సాగనంపే తల్లి ఏడ్పు పాడి, ఆడోళ్లు కండ్లు తుడుసుకుంటుంటే ఆయన నీళ్లకు ఆగిండు. నేను సినిమాపాట రికార్డు పెట్టిన. ఎనకనుంచి ఈలలు పడ్డయి.

ఆయన లేచొచ్చి రికార్డు మీది సూది ఎత్తేసిండు.

"నేను నీళ్లు తాగనీకి కూసున్న. కథ కూసోలే."

"ఊకుంటే జనం లేచిపోతరు తాతా," అన్న.

"ఏడ్సెటోళ్లను ఏడ్వనియ్యవా?"

మైకు పక్కకు నూకి, మిగిలిన కథంత ఉత్త గొంతుతోనే చెప్పిండు. ఆఖరికి ఆయన గొంతు బొంగురుపోయింది. అందరి ముంగట ఇజ్జత్ తీసిండని నాకు మస్తు కోపమొచ్చింది.

ఎనకోళ్లకు కథ ఇనబడలేదని మరుసటేడు పెద్దమనుషులు ఆయనను పిలువలే, నన్నొక్కణ్ణే పిలిచిండ్రు. సిగ్గులేకుంట పోయి పొద్దంత రికార్డులే వేసిన.