పెంటయ్య మామయ్య, ఫ్రెంచి నవల

మొన్న అల్ఫారెట్టా నుంచి మనవరాలు ఫోన్ చేసి, "అమ్మమ్మా, ఈ సెమిస్టర్ ఫ్రెంచ్ క్లాస్‌లో అంతా ఆఫ్రికన్ రైటర్సే!" అంటే నాకు నవ్వొచ్చింది, కాస్త ఈర్ష్యా కలిగింది. ఆ పుస్తకాల కోసం నేను పడ్డ పాట్లు దానికేం తెలుసు!

డెబ్బయ్యో దశకం చివర్లో యానాం నుంచి అమెరికా వచ్చి ఇక్కడి యూనివర్సిటీలో ఫ్రెంచి సాహిత్యంలో పిహెచ్‌డీకి చేరాను. ఫ్రెంచివాళ్లు ఏలిన ఊరు కదా, తాతగారి చలవ వల్ల ఆ భాష ఆవకాయన్నంతో పాటే వంటబట్టింది. మా డిపార్ట్‌మెంటులో మాత్రం ఫ్రెంచి సాహిత్యమంటే పారిస్సే. మాలాగే వాళ్ల ఏలుబడిలో నలిగిన సెనెగల్, అల్జీరియా, హైతీ దేశాలవాళ్లు అదే భాషలో రాసిన నవలలు లైబ్రరీ బేస్‌మెంట్‌లో భూగోళం పుస్తకాల పక్కన పడి ఉండేవి. వాళ్లేం రాశారో, మా ఊరిలాంటి ఊళ్లు అందులో ఉన్నాయేమోనని ఒకటే కుతూహలం; స్వెట్టర్ వేసుకుని ఆ చలిలోనే కూచుని చదివేదాన్ని. థీసిస్ వాటి మీదే రాస్తానంటే మా ప్రొఫెసరుగారు ససేమిరా అన్నారు. అది సాహిత్యం కాదట, సోషియాలజీ అట! చివరికి, వాటిలో ఒక నవల మీద సెమినార్ పెట్టి అప్పుడు తేలుస్తానన్నారు.

పశ్చిమాఫ్రికా రచయిత్రి నవల అది. అందులో ఒక తల్లి పండులాంటి పసిబిడ్డకు చెత్తకుప్ప అని పేరు పెడుతుంది. తెల్లవాళ్ల పాలనలో తన మీద తనకే పుట్టిన అసహ్యాన్ని ఆవిడ బిడ్డ మీద చూపిందని ప్రొఫెసరుగారూ తోటి విద్యార్థులూ తేల్చేశారు. నాకు ఒళ్లు మండింది. అయ్యో రామా, అది అసహ్యమా! మా అమ్మమ్మకు వరసగా పిల్లలు పురిట్లోనే పోతుంటే, మేనమామ పుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టిందట. పొరుగావిడ ఎత్తుకుంటే, చేటెడు తవుడిచ్చి మళ్లీ కొనుక్కుని పెంటయ్య అని పేరు పెట్టింది. పనికిరానివాడనుకుని మృత్యువు వదిలేస్తుందని ఆశ. నవలలోని తల్లికీ అంతకుముందు బిడ్డలు పోయారని అదే అధ్యాయంలో ఉంది, ఎవరూ పట్టించుకోలేదు. ఇదంతా మా యానాం యాస ఫ్రెంచిలో గుక్కతిప్పుకోకుండా చెప్పేసి, మామయ్య నిక్షేపంలా ఉన్నాడని కూడా చేర్చాను.

ప్రొఫెసరుగారు వెనక్కి తిప్పి ఆ పేజీ చదువుకున్నారు. కళ్లజోడు తీసి, మీ మామయ్య గురించి ఇంకా చెప్పమన్నారు. నా థీసిస్ అలా గట్టెక్కింది.

ఇప్పుడు మనవరాలి క్లాసులోనూ అదే నవల ఉందట; పుస్తకంలో ఆ పేరు కింద వివరణ కూడా వేశారట. పిల్లలకు అలాంటి పేర్లు పెట్టుకునే అవసరం తప్పింది, అంతకన్నా కావలసిందేముంది! కానీ ఫోన్ పెట్టేసే ముందు అది అడిగింది, "మరి యానాం నుంచి ఎవరూ ఫ్రెంచ్‌లో నవల రాయలేదా అమ్మమ్మా?" అని. ఆనాడు ఆ బేస్‌మెంట్‌లో ప్రతి అరలోనూ నేను వెతికింది అదే. నాకు దొరకలేదు. తాతగారు లేరు, ఆయనతో ఫ్రెంచిలో పోట్లాడే స్నేహితులూ లేరు, మామయ్యా వెళ్లిపోయాడు. ఇక నేను తప్ప ఇంకెవరు రాస్తారు?