మణిగాడి ముక్కు, నా ఆరు జేబుల పేంటు

ఆ రోజుల్లో కుక్కల గురించి నాకు తెలియని సంగతంటూ లేదు. పదేళ్లకు పైగా ఇదే పనిలో ఉన్నాక ఇప్పుడు తెలియనివి బోలెడు కనిపిస్తున్నాయి గానీ, ఇరవై రెండేళ్ల వయసులో, బెంగళూరులో మూడు నెలల కోర్సు ముగించి కోయంబత్తూరులో బస్సు దిగిన పూట మాత్రం ఒక్కటీ లేదు. ఆరు జేబుల పేంటు, మెడలో ఈల, జేబుల నిండా కోడిమాంసం బిస్కెట్లు. పంపుసెట్ల కంపెనీలో ఉద్యోగం వదిలేసి వచ్చినందుకు మా నాయన నన్ను "కుక్క వాత్యారు" అని పిలవడం మొదలుపెట్టాడు. (వాత్యారంటే అరవంలో పంతులు. ఇంట్లో తెలుగు, బడిలో అరవం కావడంతో మా మాటలు అలా కలిసిపోయి ఉంటాయి.) ఆయన వెటకారంగా అన్నాడు, నేను బిరుదుగా స్వీకరించాను.

మొదటి పిలుపు ఆర్.ఎస్. పురంలోని ఒక అపార్ట్‌మెంటు నుంచి వచ్చింది. పిలిచినావిడను అక్కడందరూ అన్నూరవ్వ అనేవాళ్లు. అన్నూరు దగ్గర తోటలో నలభై ఏళ్లు బతికిన మనిషి, మోకాలి ఆపరేషన్ తరువాత ఆస్పత్రికి దగ్గరగా ఉంటుందని కూతురింటికి వచ్చింది. వెంట మణి అనే నాటుకుక్కను తెచ్చుకుంది. తోటంతా తనదే అనుకుని పెరిగిన మణి మూడో అంతస్తులో ఇమడలేకపోయాడు. పగలంతా ఊళపెట్టేవాడు. సోఫా చీల్చి లోపలి దూదంతా బయటపెట్టాడు. చివరికి అపార్ట్‌మెంటు సంఘంవాళ్లు గడువు పెట్టారు: పదిహేను రోజుల్లో కుక్క దారికి రావాలి, లేదా ఇల్లు ఖాళీ చేయాలి. ఖాళీ చేయాల్సింది కుక్కేననుకోండి. ఎక్కడో దూరాన పెరియకుళం దగ్గర ఎవరిదో మామిడితోటకు కాపలాగా వాణ్ణి పంపడానికి కూతురు అప్పుడే మాట్లాడేసింది.

"వాడు పోతే నేను ఈడ ఎవురితో మాట్లాడేది కణ్ణూ?" అంది అవ్వ. "కూతురూ అల్లుడూ ఆపీసుకు పోతే పొద్దుగూకినాకనే తానా వచ్చేది."

"కవలపడొద్దు అవ్వా. పదైదు దినాల్లో వాణ్ణి మిలిటరీ వాణ్ణి చేసి ఇస్తా" అన్నాను. (కణ్ణూ అంటే కన్నా, తానా అంటే కదా, కవల అంటే దిగులు, అన్నీ అరవమే.) అంత పెద్ద మాట నా నోట ఎలా వచ్చిందో.

ఇంట్లో మణి నా మాట బాగానే విన్నాడు. కూర్చోమంటే కూర్చునేవాడు, బిస్కెట్ తినేవాడు. వీధిలోకి దిగామంటే కథ మారిపోయేది. ప్రతి స్తంభం దగ్గర, ప్రతి స్కూటర్ చక్రం దగ్గర ముక్కు పెట్టి నిలబడిపోయేవాడు. కోర్సులో చెప్పినట్టు నేను గొలుసు లాగి "నో!" అనేవాణ్ణి. వాడు నన్ను లాగేవాడు. బిస్కెట్ నోట్లో పెడితే పక్కకు ఉమ్మేసి మళ్లీ స్తంభం వాసన చూసేవాడు. నాలుగో రోజున ఒక పిల్లి వెళ్లిన జాడ పట్టుకుని నన్ను పూలమ్మే అమ్మ గంపలోకే ఈడ్చాడు. మల్లెపూలు తల నిండా పెట్టుకుని లేచిన నన్ను చూసి ఆవిడ తిట్టడం కూడా మరిచిపోయింది. వారం తిరిగేసరికి మణి ఊళలు పెరిగాయి. తలుపు చెక్కను గీరి గీరి గోళ్లలో నెత్తురు తెచ్చుకున్నాడు. ఆ గోళ్లు చూసినప్పుడు మాత్రం నాకు లోపల భయం వేసింది.

తొమ్మిదో రోజు చెప్పిన వేళకంటే ముందే వెళ్లాను. మెట్లెక్కుతుంటే ఊళ వినపడలేదు. పంపించేశారేమోనని మిగతా మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను. తలుపు తీసి చూస్తే, హాల్లో పాత నూలు చీరలు ఉండలు చుట్టి పడేసి ఉన్నాయి. పక్కన గంపెడు వేరుశనగ పొట్టు. మణి అందులో మూతి దూర్చి బుస్సుబుస్సుమంటూ వెతుకుతున్నాడు. తోక నెమ్మదిగా ఊగుతోంది. అవ్వ కుర్చీలో కూర్చుని, వాటిలో దాచడానికి మిగిలిపోయిన ఇడ్లీని చిన్న చిన్న ముక్కలుగా తుంచుతోంది.

"అవ్వా, ఇట్ల చేస్తే నేను నేర్పింది అంతా పాడైపోతుంది" అన్నాను. నా గొంతులో కోపం నాకే తెలుస్తోంది.

"నువ్వు వాని కాళ్లకు నేర్పిస్తా ఉండావు కణ్ణూ. వాని మూతికి ఏం పని ఇచ్చినావు?" అంది అవ్వ, తలెత్తకుండానే. "తోటలో తెల్లారితే వాడు వేలి పొడుగునా పోయి, ముంగిస వచ్చిందా, కుందేలు వచ్చిందా అని అంతా మోసి చూసి వస్తాడు. అదే వాని పేపర్. ఈడ నేలంతా ఫినాయిల్ వాసన. నువ్వు వీధిలో కూడా చదవనీలేదు."

వేలి అంటే కంచె, మోసి చూడడమంటే వాసన చూడడమని ఆమె భాష. అరగంట తరువాత మణి అలసిపోయి, నా కాలి మీద తల ఆనించి నిద్రపోయాడు. తొమ్మిది రోజుల్లో వాడు నా ముందు నిద్రపోవడం అదే మొదలు. ఆ సాయంత్రం వీధిలో అవ్వ చెప్పినట్టే చేశాను. పది అడుగులు గొలుసు లాగకుండా నడిస్తే, "పో, చూసుకో" అని స్తంభం దగ్గరకు వదిలాను. బిస్కెట్‌ను ఉమ్మేసినవాడు ఆ ఒక్క మాట కోసం నా ముఖం చూస్తూ నడవడం మొదలుపెట్టాడు.

పదిహేనో రోజు సంఘం సెక్రటరీ, ఇంకో నలుగురు చూడడానికొచ్చారు. పెద్దవాళ్ల ముందు గౌరవంగా ఉండాలని నేను ఇస్త్రీ చొక్కా, కొత్త పేంటు వేసి, మా చిన్నాయన పెళ్లిళ్లకు మాత్రమే వాడే సెంటు ధారాళంగా కొట్టుకుని వెళ్లాను. తలుపు తీయగానే మణి నన్ను దొంగ అనుకుని మీదికి దూకాడు. "మణీ, నేనేరా!" అన్నా వినడు. (ఇన్నాళ్లూ వాడికి పరిచయమైంది నేను కాదు, కోడిమాంసం బిస్కెట్లన్న మాట.) సెక్రటరీ నన్ను చూపించి, "వీరేనా ట్రైనర్?" అని అరవంలో అవ్వను అడిగాడు. ఆ ప్రశ్న నాకిప్పటికీ వినపడుతుంది.

అవ్వ కంగారు పడలేదు. నన్ను బాల్కనీలోకి పంపి తలుపేసింది. నడవాలో చీరలు పరిచి, "తేడు మణీ" అంది, అరవంలో వెతకమని. బాల్కనీ తలుపు అద్దంలోంచి చూస్తున్నాను. రెండు నిమిషాల్లో వాడి మెడమీద లేచిన వెంట్రుకలు దిగాయి. వాడి వెతుకులాట చూస్తూ చూస్తూ, సెక్రటరీ భార్య తన చేతిరుమాలులో ఒక ఇడ్లీ ముక్క చుట్టి చెప్పుల అర వెనక దాచింది. మణి నడవా అంతా తిరిగి, సరిగ్గా దాని ముందు కూర్చున్నాడు. ఆవిడ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. అప్పటికి మూడు నెలలు చూద్దామన్నారు. ఆ తరువాత ఎవరూ మణి ఊసెత్తలేదు. పైగా ఆ సంఘంవాళ్లే తెల్లవారుజామున నడకకు వాణ్ణి నేను తీసుకెళ్తానంటే నేనని వంతులేసుకున్నారు.

అవ్వ పోయి నాలుగేళ్లయింది. మణి ఆమెకంటే ముందే, ముసలితనంలో చూపు పోయినా రోజూ ఇడ్లీ ముక్కలు వెతుక్కుంటూ పోయాడు. నా దగ్గరకు కుక్కలను తెచ్చేవాళ్లు ఇప్పుడు, "ట్రైనింగ్ ఎప్పుడు మొదలు సార్, అది ఊరికే వాసన చూస్తా ఉండాదే?" అని విసుక్కుంటారు. మొదలైందని చెబుతాను. నమ్మరు. నేనైనా నమ్మానా?

మొన్న మా ఇంటి కుక్క ఒక గోడ మూల దగ్గర పది నిమిషాలు నిలబడిపోయింది. అంత సేపు చదవడానికి అక్కడేముందోనని, వీధిలో ఎవరూ లేరని చూసుకుని, నేనూ వంగి ముక్కు పెట్టాను. తడిసిన సున్నం వాసన, అంతే. వెనకనుంచి పాలాయన సైకిల్ ఆపి, "ఏం సార్, ఏమైనా పారేసుకున్నారా?" అన్నాడు.

"లేదన్నా, నాకు కనపడలేదు, దీనికి కనపడింది" అన్నాను. ఆయన నావైపు, కుక్కవైపు మార్చి మార్చి చూసి వెళ్లిపోయాడు. నేను గొలుసు వదులు చేసి అక్కడే నిలబడ్డాను. నాకు తొందరేమీ లేదు.