బోర్డు మీద ఇరవై అయిదు ఒకట్లు

మా చిన్నప్పుడు అంగలకుదురులో మా నాన్న కళ్ళంలో వడ్లు కొలుస్తుంటే, పక్కన కూర్చుని లెక్క పట్టే పని నాది... మొదటి కుంచానికి ఒకటి అనకూడదు, "లాభం" అనాలి. ఆ తర్వాతే రెండు, మూడు... అయిదు కుంచాలు కాగానే గుర్తుగా గుప్పెడు వడ్లు పక్కన పోగు పెట్టాలి. ఎక్కాల కన్నా ముందు నాకు వచ్చిన లెక్క అదే.

తొమ్మిదో తరగతిలో మా మాస్టారు నన్ను బాపట్లలో లెక్కల పోటీకి తీసుకెళ్ళారు. అంతకు ముందు మూడేళ్ళూ మా బడి మొదటి రౌండులోనే ఇంటికొచ్చేసింది. "ఈసారీ ఉత్త చేతులతో వస్తే ఇక మనల్ని పంపరమ్మా" అన్నారు రైల్లో. ఆ మాట విన్నాక తెచ్చుకున్న పులిహోర కూడా సహించలేదు.

ఎలాగో నెట్టుకొచ్చాం... చివరికి మేమూ, తెనాలి నుంచి వచ్చిన ఒక పెద్ద బడీ సమానంగా నిలిచాం. ఇక ఒక్క ప్రశ్నే మిగిలింది. రేపల్లె నుంచి వచ్చిన పెద్ద మాస్టారు బోర్డు ఈ చివర నుంచి ఆ చివరికి ఒకట్లు రాసుకుంటూ పోయారు...

1111111111111111111111111

"ఇది ప్రధాన సంఖ్యా, కాదా? కాకపోతే దేంతో భాగిస్తే శేషం రాదో చెప్పండి" అన్నారు.

తెనాలి అబ్బాయి మూడుతో చూశాడు, పోలేదు. ఏడు, పదకొండు, పదమూడు... కాగితం నిండిపోయింది. "ప్రధాన సంఖ్యేనండి" అన్నాడు. పెద్ద మాస్టారు కాదన్నట్టు తల ఊపి నావైపు చూశారు.

ముందు ఎన్ని ఉన్నాయో తేలాలి కదా అని, బోర్డు దగ్గరికెళ్ళి వేలు పెట్టి పైకే మొదలుపెట్టాను... "లాభం, రెండు, మూడు..."

హాలంతా గొల్లుమంది. సిగ్గుతో చచ్చిపోయాను. వెనక్కి వచ్చేద్దామనుకున్నాను.

"నవ్వుకోనీ తల్లీ, నువ్వు కొలువు" అన్నారు మా మాస్టారు.

కొలిచాను. అలవాటు కొద్దీ అయిదుకో గీత పెట్టాను. సరిగ్గా అయిదు పోగులు... ఒక్క ఒకటి కూడా మిగల్లేదు. అప్పుడు చూశాను, ప్రతి పోగూ 11111. ప్రతి పోగులోనూ పోయేది మొత్తంలోనూ పోవాలి కదా.

"11111తో పోతుందండి" అన్నాను.

పెద్ద మాస్టారు సుద్దముక్క నా చేతికే ఇచ్చారు. భాగహారం వేశాను. ఒకటి, నాలుగు సున్నాలు... మళ్ళీ ఒకటి, నాలుగు సున్నాలు... చివర శేషం సున్నా. నవ్విన హాలే చప్పట్లతో మోగిపోయింది.

"ఎవరు నేర్పారమ్మా?" అన్నారు పెద్ద మాస్టారు.

"మా నాన్నండి. వడ్లు కొలుస్తాడండి."

తిరుగు రైల్లో షీల్డు ఒళ్ళో పెట్టుకుని, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చూపించాను. నా అంత గొప్పది ఈ భూమ్మీద లేదనిపించింది, దాచుకోవడం ఎందుకు...

ఇంటికెళ్ళి నాన్నకి అంతా చెప్పాను. బడి గడప తొక్కని మనిషి. కాసేపు ఆలోచించి "అయితే ముప్పై అయిదు ఒకట్లున్నా పోద్దిగా" అన్నాడు.

ఆ మాట నాకు తట్టనే లేదు. షీల్డు తెచ్చిన దాన్ని, పుస్తకం తీసి అయిదేసి పోగులు పెట్టి చూసుకున్నాను... సరిగ్గా ఏడు.

ఇప్పుడు కళ్ళంలోనే కాటా పెట్టేస్తున్నారు... ఎంత పెద్ద సంఖ్యనైనా ఫోను క్షణంలో తేల్చేస్తోంది. ఆ ఫోను కూడా మా నాన్నలా ఆలోచించి, నేను అడగని ప్రశ్న నాకు వేస్తే బాగుండనిపిస్తుంది. మీ ఇంట్లోనూ చదువు రాని లెక్కల మాస్టారు ఎవరైనా ఉండేవారా... చెప్పరూ, వినాలనుంది.