తొట్టి నడుమ అద్దం

అనంతపురంలో నేను పనిచేసే క్లినిక్‌లో చీటీలు రాసేది, కట్లు కట్టేది నా పని. చేపల తొట్టి చూసుకునేది నా పని కాదు. అయినా ఎన్నో ఏళ్ళుగా అది నా మీదనే పడింది. గప్పీలు, మోలీలు, రెండు ఏంజెల్ చేపలు. ఒకదాని జోలికి ఒకటి పోకుండా తిరుగుతా ఉండేవి.

పోయిన ఎండాకాలం డాక్టరు సారు స్నేహితుడొకాయన పసుపుపచ్చ చేపను కవర్లో తెచ్చిచ్చినాడు. సిక్లిడ్ అంట. వేలంత పొడుగుంది.

"సార్, ఇది వాటితో పడుతుందో లేదో అంగడాయన్ని అడిగి వేద్దాం" అన్నాను.

"చేపే కదమ్మా, వెయ్యి" అని సారు పేషెంట్లను చూసేదానికి లోపలికి పోయినాడు.

నాకూ ఓపిక లేదు. వేసేసినాను.

మూడోరోజుకు ఒక ఏంజెల్ తోక చీలికలైపోయింది. గప్పీలన్నీ ఫిల్టరు వెనక ఇరుక్కున్నాయి. మేత వేసినా బయటికి రాలేదు. పొద్దున తలుపు తీసి, చచ్చినవి తీసి పారేసి, ఆ చేతులే కడుక్కొని కట్లు కట్టేదానికి కూర్చునేదాన్ని. ఇంటికాడ నీళ్ళు నాలుగురోజులకొకసారి వస్తాండె. ట్యాంకరు కాడ నిలబడీ నిలబడీ వచ్చి, ఈడ మళ్ళీ బకెట్లు మోయాల్సొచ్చేది.

చేపలమ్మే అంగడికి పోయి చెప్తే ఆయన తల పట్టుకున్నాడు. "ఏమక్కా, అది రాళ్ళ సందు తనదని కొట్లాడే చేప. మన బోరు ఉప్పునీళ్ళు దానికి బాగా పడతాయి, ఇంకా బలుస్తాది. ఈ మెత్తనివాటితో ఎట్ల కలిపినావు?" తిరిగి తీసుకొమ్మంటే, తన కాడ ఖాళీ తొట్టి లేదన్నాడు.

కాలి పుండుకు కట్టు మార్పించుకునేదానికి వజ్రకరూరు దిక్కునుంచి ఒక తాత వారానికి రెండుసార్లు బస్సులో వస్తాండె. గొర్రెలు మేపేవాడు. చక్కెర జబ్బు, పుండు తొందరగా మానదు. తన వంతు వచ్చేదాకా తొట్టి ముందరే కూర్చునేవాడు.

"ఇది పొగరు పొట్టేలు మాదిరి ఉండాదే" అన్నాడొకరోజు. "దీన్ని బయటికి తీసి, రాళ్ళన్నీ మార్చి, చివర్లో వెయ్యమ్మా. కొత్త దొడ్లోకి తోలితే ఎట్లాంటి పొట్టేలైనా రెండ్రోజులు అణిగుంటాది. ఆడ దానికి సొంత మూల ఉండదు గదా."

ఆదివారం పూట ఒక్కదాన్నే కూర్చుని అట్లనే చేసినాను. ఐదు రోజులు తొట్టి ప్రశాంతంగా ఉంది. ఆరోరోజు పసుపు చేప మళ్ళీ తరుముకునేది మొదలుపెట్టింది, ఆ తోక చిరిగిన ఏంజెల్ చచ్చి తేలింది.

తాత వచ్చేసరికి నేను బెంచీ మీద ఊరికే కూర్చోనుండాను. "నావల్ల కాదు తాతా. దీన్ని యాడన్నా పారేస్తా" అన్నాను.

"దాని పుట్టుకే అంత. అదేం చేస్తాదిమ్మా?" అన్నాడాయన. "కుమ్మే పొట్టేలును మేం పారేస్తామా? వేరేగా కట్టేస్తాం."

"వేరే తొట్టి యాడుండాది తాతా?"

"వేరేది ఎందుకు? నడుమ అద్దం పెట్టు."

మరుసటి రోజు అద్దాల అంగట్లో కొలత ఇచ్చి, నీళ్ళు అటూ ఇటూ పారేటట్లు రంధ్రాలు వేయించి తెచ్చి బిగించినాను. పసుపు చేప రెండు రోజులు అద్దానికి మూతి కొట్టుకొని, తర్వాత ఊరకుండిపోయింది. ఇవతలివాటికి భయం పోయేదానికి నెల పట్టింది. ఒక పొద్దున గప్పీలు మేతకు పైకి వచ్చినాయి. సంతోషపడాల్సింది. అమ్మయ్య, ఈరోజు తీసి పారేసేది ఏమీ లేదు అనుకున్నాను, అంతే.

వానలు మొదలైనాక తాత పుండు మానింది. ఆఖరి కట్టు నేనే విప్పినాను.

"రేపట్నుంచి మంద వెనక పోతాండా" అన్నాడు, చెప్పు తొడుక్కుంటా.

"ఎక్కువ దూరం నడవద్దు తాతా."

"గొర్రెలకు చెప్పమ్మా ఆ మాట" అని నవ్వి, బస్సుకు టైమైందని లేచినాడు.